లుకేమియా చికిత్స ముగిసిన నాలుగున్నరేళ్ల బాబు తోటిపిల్లలతో కలవడం లేదు: బడికి పంపాలా, ఇంకో ఏడాది ఆగాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంత వరకు పరిస్థితి ఇది. బాబుకు రెండేళ్లు నిండిన కొద్దికాలానికే ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదులో రెండేళ్లకు పైగా చికిత్స జరిగి, నాలుగు నెలల క్రితం మందులు ఆగిపోయాయి. రక్తపరీక్షలన్నీ బాగున్నాయి. ఇప్పుడు నాలుగున్నరేళ్ల వయసులో తోటిపిల్లలు కనిపిస్తే మీ కొంగు వెనక దాక్కుంటున్నాడు, ఎనిమిదేళ్ల అక్కను కొడుతున్నాడు, ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద మింగడం లేదు, ఏదైనా కాదంటే తల నేలకేసి కొట్టుకుంటున్నాడు. మందుల వల్ల మెదడు దెబ్బతిన్నదేమో అన్నది మీ భయం. బడికి ఈ జూన్‌లో పంపాలా, ఇంకో ఏడాది ఆగాలా అన్నది ప్రశ్న. పిల్లల క్యాన్సర్ వార్డుతో కలిసి చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మానసిక నిపుణురాలిగా, బాబును చూడకుండా చెప్పగలిగినంత మేరకు చెబుతాను.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్పడం సులువు. మీకు చికిత్స చేసిన వైద్యులు అభ్యంతరం చెప్పకపోతే పంపండి. కీమోథెరపీ ముగిశాక రోగనిరోధక శక్తి పూర్తిగా తేరుకోవడానికి సాధారణంగా ఆరు నెలలు పడుతుందని, ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్ వంటి, బలహీనపరచిన సజీవ క్రిములతో చేసే లైవ్ టీకాలను కూడా అప్పటి దాకా ఆపుతారని మీకు చెప్పే ఉంటారు. బడి తెరిచే నాటికి ఆ గడువు దాటుతుందో లేదో, మళ్లీ వేయవలసిన టీకాలు ఏమిటో అడిగి రాయించుకోండి. ఏడాది ఆపితే బాబు "సిద్ధమవుతాడు" అన్న ఆలోచన మాత్రం వదిలిపెట్టండి. వాడికి కొరవడినది తోటిపిల్లల మధ్య గడిపే సమయం. ఇంట్లో ఇంకో ఏడాది ఉంచితే ఆ కొరత పెరుగుతుందే తప్ప తీరదు.

రెండు నుంచి నాలుగున్నరేళ్ల మధ్య పిల్లలు నేర్చుకునే వాటిలో చాలా భాగం ఎవరూ కూర్చోబెట్టి నేర్పేవి కావు. పక్కింటి పిల్లవాడి బొమ్మ లాక్కుంటే వాడు ఏడుస్తాడని, ఏడిస్తే ఆట ఆగిపోతుందని, ఆట మళ్లీ సాగాలంటే బొమ్మ తిరిగి ఇవ్వక తప్పదని వాళ్లు అరుగు మీద, అంగన్‌వాడీలో, పెళ్లి పందిట్లో ఎన్నో సార్లు ఏడ్చి, ఏడిపించి తెలుసుకుంటారు. రెండేళ్ల పిల్లలు పక్కపక్కనే కూర్చున్నా ఎవరి ఆట వారిదే. మూడేళ్లు దాటాక ఒకరి ఆటలోకి ఒకరు వస్తారు. నాలుగేళ్లకు "నువ్వు అమ్మవి, నేను డ్రైవర్‌ని" అంటూ పాత్రలు పంచుకుంటారు. అవతలివాడి మనసులో ఉన్నది తన మనసులో ఉన్నట్టే ఉండనక్కరలేదన్న ఎరుక కూడా దాదాపు ఆ వయసులోనే కుదురుతుంది.

సరిగ్గా ఆ కాలమంతా మీ బాబు ఎక్కడ ఉన్నాడో ఆలోచించండి. కౌంట్స్, అంటే రక్తకణాల సంఖ్య, పడిపోయాయంటే ఇంటికి ఎవరూ రాకూడదు, బయటి తిండి తినకూడదు, మాస్క్ తీయకూడదు. ఆ వయసులో వాడు ఏమీ నేర్చుకోలేదని కాదు. ఏ చేతిలో నరం బాగా దొరుకుతుందో వాడికి తెలుసు. సూది గుచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకుని, చెయ్యి మాత్రం కదలకుండా ఉంచడం తెలుసు. ఏ సిస్టర్ నొప్పి లేకుండా గుచ్చుతుందో తెలుసు. డాక్టరుతో మాట్లాడటం పెద్దవాళ్ల కంటే బాగా వచ్చు. ఇలాంటి పిల్లలను చూసి "ఎంత పెద్దవాడిలా మాట్లాడుతున్నాడో" అని బంధువులు మురిసిపోతుంటారు. పెద్దవాళ్లు ఓర్చుకుంటారు, బతిమాలుతారు, ఓడిపోయినట్టు నటిస్తారు. సాటి నాలుగేళ్ల పిల్లవాడు ఇవేవీ చేయడు. మీ బాబు కొంగు చాటుకు వెళ్తున్నది అందుకేనని నా అంచనా. ఎదుటివాడు తన మాట వినకపోతే ఏం చేయాలో వాడికి ఇంకా తెలియదు.

ఇది ఊరడింపు కోసం చెబుతున్న మాట కాదు. చికిత్స ముగిసిన పిల్లలు తరగతి గదిలో ఎలా ఉన్నారో టీచర్లను, తోటి విద్యార్థులను అడిగి చేసిన అధ్యయనాలు ఉన్నాయి. లుకేమియా వంటి, మెదడులో గడ్డ లేని క్యాన్సర్ల నుంచి బయటపడిన పిల్లలు స్నేహాల విషయంలో చాలా వరకు తోటివారిలాగే ఉన్నారని అవి చూపించాయి. ఒంటరితనం ఎక్కువగా, దీర్ఘకాలం కనిపించేది మెదడు గడ్డలకు శస్త్రచికిత్స, రేడియేషన్ పొందిన పిల్లలలో. వారికి తీరుబడిగా, నిపుణుల చేత, ఏళ్ల తరబడి సాయం అందవలసి ఉంటుంది. మీ బాబుది ఆ కోవ కాదు.

అయితే ప్రవర్తనలా కనిపిస్తూ నిజానికి శరీరానికి సంబంధించినవి కొన్ని ఉంటాయి. వాటిని ముందు చూసుకోవాలి. మొదటిది కాళ్లు. విన్‌క్రిస్టిన్ అనే మందు నరాల మీద పనిచేసి పాదాలను పైకి ఎత్తే కండరాలను, చేతివేళ్ల పట్టును బలహీనపరుస్తుంది. మందు ఆగాక నెలల తరబడి కూడా ఆ బలహీనత మిగలవచ్చు. అటువంటి పిల్లవాడు పరుగెత్తితే తట్టుకుని పడతాడు, గెంతలేడు, మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటాడు. రెండు మూడు సార్లు పడ్డాక పరుగెత్తే పిల్లల దగ్గరికే వెళ్లడు. చూసేవాళ్లు "సిగ్గు" అనుకుంటారు. బాబును వేళ్లు పైకెత్తి మడమల మీద నాలుగడుగులు నడవమనండి, మీరూ పక్కనే నడిచి చూపించండి. చేయలేకపోతే తర్వాతి ఫాలో-అప్‌లో ఫిజియోథెరపీ గురించి తప్పక అడగండి. చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోవడం, క్రేయాన్ గట్టిగా పట్టుకోలేకపోవడం కూడా చెప్పండి.

రెండోది వినికిడి. వినికిడిని దెబ్బతీయగల సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు లుకేమియా చికిత్సలో ఉండదు కానీ, జ్వరం వచ్చి చేర్చినప్పుడు ఇచ్చే అమికాసిన్ వంటి యాంటీబయాటిక్స్ కూడా చెవి మీద ప్రభావం చూపగలవు. బాబు మాట స్పష్టంగా లేకపోయినా, పిలిస్తే తరచూ పలకకపోయినా ఒకసారి ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) చేత పరీక్ష చేయించండి. ఇది చదివే ఇతర తల్లిదండ్రుల కోసం ఒక మాట: న్యూరోబ్లాస్టోమాకో (నాడీకణాల క్యాన్సర్), కాలేయంలో గడ్డకో సిస్‌ప్లాటిన్ తీసుకున్న పిల్లలకు ఈ పరీక్ష తప్పనిసరి. హెచ్చు శ్రుతి శబ్దాలు ముందుగా పోతాయి కనుక స, శ, చ వంటి అక్షరాలు జారిపోతాయి. ఇంట్లో నిశ్శబ్దంలో బాగానే వినిపించే పిల్లవాడు, ముప్ఫై మంది గోల చేసే తరగతిలో సగం మాటలు అందక, మొండివాడన్న పేరు తెచ్చుకుంటాడు. అలాగే రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌లో ఒక కన్ను తీయవలసి వచ్చిన పిల్లలను, చూపున్న కన్ను తరగతి వైపు ఉండేలా కూర్చోబెట్టమని టీచరుకు చెప్పాలి. చూపు లేని వైపు నుంచి ఎవరైనా తగిలితే ఉలిక్కిపడి కొట్టడాన్ని కోపంగా పొరబడతారు.

మూడోది మీరు అడిగిన మెదడు సంగతి. వెన్నులో ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే కీమోథెరపీ మందు వల్ల కొందరు పిల్లలలో ఏకాగ్రత, పని చేసే వేగం కొంత తగ్గడం నిజమే. చాలా చిన్న వయసులో చికిత్స పొందినవారికి, తలకు రేడియేషన్ కూడా తీసుకున్నవారికి ఆ అవకాశం ఎక్కువ. అయితే అది సాధారణంగా చదువు బరువు పెరిగే వయసులో, రెండో మూడో తరగతికి వచ్చాక బయటపడుతుంది. నాలుగున్నరేళ్లకు అక్కను కొట్టడంగా, ఫోన్ కోసం ఏడవడంగా కనిపించదు. స్టెరాయిడ్ల వల్ల వచ్చే చిరాకు, ఆకలి, ఏడుపు మీకు బాగా తెలిసినవే. అవి మందు వాడిన రోజుల్లోనూ, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనూ ఉంటాయి. ఆపి నాలుగు నెలలైంది కనుక ఇప్పటి కోపాన్ని ఇంకా స్టెరాయిడ్ల ఖాతాలో వేయలేము. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి: పొద్దున్నే తలనొప్పి, వాంతులు, ఫిట్స్, నడక తూలడం, ఉన్నట్టుండి ప్రవర్తన పూర్తిగా మారిపోవడం, వచ్చిన మాటలు పోవడం వంటివి కనబడితే మానసిక నిపుణుల కోసం చూడకుండా చికిత్స చేసిన ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి.

ఇక ఇంటి సంగతి. వార్డులో ఫోన్ చేతికిచ్చినందుకు మీరు నొచ్చుకోవలసిన అవసరం లేదు. వెన్నులో ఇంజెక్షన్ కోసం పొద్దుటి నుంచి ఏమీ పెట్టకుండా ఉంచిన పిల్లవాణ్ణి ఎవరైనా అలాగే ఆపుతారు. కాకపోతే వార్డు అయిపోయినా వార్డు పద్ధతి ఇంట్లో సాగుతోంది. అన్నిటినీ ఒకేసారి మార్చబోకండి. రెండు విషయాలు ఎంచుకోండి, కొట్టడం ఒకటి, అన్నం దగ్గర ఫోన్ ఒకటి. ఇంట్లో అందరూ, ముఖ్యంగా నానమ్మ, తాతయ్య, ఒకే మాట మీద ఉండాలి. కొడితే చెయ్యి పట్టుకుని, మొహం చూస్తూ, గొంతు పెంచకుండా "కొట్టకూడదు, అక్కకు నొప్పి" అని చెప్పి, ఆట అక్కడితో ఆపండి. పావుగంట ఉపన్యాసం వద్దు. అన్నం దగ్గర వాడి కంచం వాడికి పెట్టి, మీరంతా పక్కనే కూర్చుని తినండి. పెరుగన్నం సగం నేల మీద పడుతుంది, పడనివ్వండి. అరగంట తర్వాత కంచం తీసేయండి. బరువు తక్కువగా ఉంటే ఈ పద్ధతి మొదలుపెట్టే ముందు డాక్టరును అడగడం మంచిది.

మొదటి వారం ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయడం లేదని తెలిసినప్పుడు పిల్లలు దాన్నే ఇంకా గట్టిగా ప్రయోగిస్తారు. సరిగ్గా ఆ వారంలోనే చాలా ఇళ్లలో "పోనీలే, ఎంత బాధపడి వచ్చాడు, పాపం" అని ఫోన్ తిరిగి చేతికి వస్తుంది. తల కొట్టుకుంటుంటే కింద దిండు పెట్టండి, దగ్గరే ఉండండి, అడిగిన వస్తువు మాత్రం ఇవ్వకండి. సద్దుమణిగాక ఒడిలోకి తీసుకుని "నీకు చాలా కోపం వచ్చింది కదా" అనండి. కోపం, భయం, ఉక్రోషం అనే మాటలు పిల్లల నోటికి అలవాటైతే చేతులతో చెప్పవలసిన అవసరం తగ్గుతుంది.

బాబు ఇంకా మీ పక్కనే పడుకుంటున్నాడని కూడా సమస్యల జాబితాలో రాశారు. దాన్ని తీసేయండి. విదేశాలలో తయారైన సలహా పత్రాలలో అది పెద్ద విషయంగా ఉంటుంది కానీ, మన ఇళ్లలో నాలుగేళ్ల పిల్లలు అమ్మ పక్కన పడుకోవడం మామూలే. చూడవలసింది వేరే ఉంది: మీరు ఒక గంట బజారుకు వెళ్తే వాడు నాన్న దగ్గరో, నానమ్మ దగ్గరో ఉండగలుగుతున్నాడా? ఉండలేకపోతే పది నిమిషాలతో మొదలుపెట్టండి. దొంగచాటుగా వెళ్లకండి, చెప్పి వెళ్లి, చెప్పిన వేళకు రండి. చికిత్స కాలంలో నాన్నలు ఎక్కువగా డబ్బు, రక్తదాతలు, ఆరోగ్యశ్రీ కాగితాల వెంట తిరిగి బిడ్డ రోజువారీ పనుల నుంచి తప్పిపోతారు. స్నానం, రాత్రి కథ మీవారికి అప్పగించండి. వాడు "అమ్మే కావాలి" అన్నా సరే.

తోటిపిల్లలతో కలపడానికి నేరుగా పార్కుకు తీసుకెళ్లకండి. మీ ఇంట్లో, వాడి బొమ్మల మధ్య, ఒక్క పిల్లవాడితో, ముప్పావు గంట చాలు. పక్కింటి పాపో, పిన్ని కొడుకో, ఏడాది చిన్నవాళ్లయినా ఫరవాలేదు. ఆటల్లో వెనకబడిన పిల్లలు తమకంటే చిన్నవాళ్లతో ఆడి అక్కడి నుంచి పైకి వస్తారు. మొదట కూర్చుని ఆడే ఆటలే మంచివి. నా అనుభవంలో "కాళ్లాగజ్జా కంకాళమ్మా"కు మించినది దొరకలేదు. పిల్లలందరూ వరుసగా కాళ్లు చాపి కూర్చోవాలి, పరుగెత్తవలసిన పని లేదు కనుక కాళ్లలో బలం లేని పిల్లవాడు వెనకబడడు. పాట తన కాలి దాకా వచ్చే వరకు ఆగాలి. ఎవరి కాలు ముడుచుకోవాలో పాటే నిర్ణయిస్తుంది కనుక తగువుకు పెద్దగా తావు లేదు. సూది గుచ్చడానికి తప్ప ఒంటి మీద చెయ్యి వేయనివ్వని పిల్లవాడు కూడా, పక్కవాడి మోకాలికి మోకాలు ఆనించి కూర్చోవడం అలవాటు చేసుకుంటాడు. "వీరి వీరి గుమ్మడి పండు" ఆటలో కళ్లు మూస్తారు. మత్తు ఇచ్చిన జ్ఞాపకాల వల్ల కొందరు దానికి భయపడతారు, కనుక కొంతకాలం తర్వాత ఆడించండి.

ఆ ముప్పావు గంటలో మీరు చేయకూడనిది ఒకటుంది. ఇద్దరూ ఒకే కారు బొమ్మ కోసం లాక్కుంటున్నప్పుడు "వాడికిచ్చెయ్యి నాన్నా, వాడికి బాగాలేదు కదా" అని ఎదుటి పిల్లవాణ్ణి ఒప్పించకండి. ఆ ఒక్క మాటతో మీ బాబు అడగడం, ఎదురుచూడటం, ఓడిపోవడం అనే మూడింటినీ తప్పించుకుంటాడు. ఎదుటి పిల్లవాడు రెండోసారి రావడానికి ఇష్టపడడు. దెబ్బలు తగలనంత వరకు చేతులు కట్టుకుని కూర్చోండి. ఎవరూ పట్టించుకోకపోతే చిన్నపిల్లల తగువులు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

జబ్బు గురించి బాబుతో మాట్లాడటం లేదని, మరిచిపోతాడని అనుకుంటున్నామని రాశారు. వాడు మరిచిపోలేదు. ఫాలో-అప్ రోజున మీరు ఫైలు, ఫ్లాస్కు సంచిలో పెట్టగానే మాట మానేస్తాడని మీరే చెప్పారు. ఈ వయసు పిల్లలు తమ అల్లరి వల్లే జబ్బు వచ్చిందని, సూది శిక్ష అని నమ్మడం చాలా మామూలు. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. చిన్న మాటల్లో నిజం చెప్పండి: "నీ రక్తంలో జబ్బు వచ్చింది. నువ్వేమీ చేయలేదు, ఊరికే వచ్చింది. మందులు వేశాం. ఇప్పుడు మందులు అయిపోయాయి. మళ్లీ రాలేదని చూడటానికి కొంచెం రక్తం తీస్తారు." ఒక బొమ్మ, సూది లేని సిరంజి, కొంచెం దూది ఇస్తే వాడే డాక్టరై బొమ్మకు ఇంజెక్షన్లు చేస్తాడు, తిడతాడు, ప్లాస్టర్ వేస్తాడు. ఆపకండి. ఆ ఆటలో బొమ్మకు ఎప్పుడో ఒకప్పుడు నయమై ఇంటికి వెళ్తే మంచిదే. వారాల తరబడి అదే ఆట, అదే భయంతో సాగుతూ, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తూ, పక్క తడపడం మళ్లీ మొదలైతే మానసిక నిపుణులకు చూపించాలి.

అక్క విషయం మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. ఆ పాప రెండేళ్లకు పైగా అమ్మమ్మ ఊళ్లో ఉండి చదువుకుందని, తిరిగి వచ్చాక తమ్ముడి చేతి దెబ్బలు తింటోందని ఆ వాక్యంలో ఉంది. పిల్లల క్యాన్సర్‌లో మానసిక, సామాజిక సంరక్షణకు 2015లో నిపుణులు ప్రచురించిన 15 ప్రమాణాలలో తోబుట్టువులకు అందించవలసిన సాయం ఒక ప్రత్యేక ప్రమాణం. "నువ్వు పెద్దదానివి, సర్దుకో" అనే మాటను ఆ పాప ఈసరికే చాలాసార్లు వినే ఉంటుంది. వారంలో ఒక పూట తమ్ముడు లేకుండా మీతో గడిపేలా చూడండి. వాడు కొట్టినప్పుడు ముందు పాప దగ్గరికి వెళ్లండి. అది వాడికి కూడా పాఠమే.

బడి విషయంలో, 2020 జాతీయ విద్యా విధానం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని చెబుతోంది కనుక మీకు వ్యవధి ఉంది. యూకేజీలో వేయమని ఎవరైనా ఒత్తిడి చేసినా ఎల్‌కేజీలోనే చేర్చండి. మొదటి రెండు మూడు వారాలు సగం పూట చాలు. గేటు దగ్గర వీడ్కోలు చిన్నదిగా ఉండాలి. జబ్బు సంగతి ఊళ్లో తెలియడం మీకు ఇష్టం లేదని అర్థమైంది, ఆ భయానికి కారణాలు కూడా తెలుసు. అందరికీ చెప్పనక్కరలేదు. క్లాస్ టీచరుకు, ప్రధానోపాధ్యాయులకు మాత్రం దాచకండి. తరగతిలో ఎవరికైనా తట్టు, ఆటలమ్మ వస్తే వెంటనే మీకు ఫోన్ చేయాలంటే వాళ్లకు తెలిసి ఉండాలి. ఛాతీ మీద పోర్ట్ (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పరికరం) మచ్చ చూసి పిల్లలు అడుగుతారు. "నాకు జబ్బు చేసింది, తగ్గిపోయింది" అన్న జవాబును ఇంట్లోనే నాలుగైదు సార్లు అనిపించండి. జవాబు సిద్ధంగా ఉన్న పిల్లవాణ్ణి తరగతి రెండు రోజుల్లో అడగడం మానేస్తుంది.

మీ గురించి కూడా ఒక మాట. బాధాకర జ్ఞాపకాలు వెంటాడటం, నిద్ర పట్టకపోవడం, చిన్న జ్వరానికే గుండె దడ వంటి లక్షణాలు పిల్లల కంటే తల్లిదండ్రులలోనే ఎక్కువని పరిశోధనలలో తేలింది. చిన్నపిల్లలు కింద పడగానే ఏడవరు, ముందు అమ్మ మొహం చూస్తారు. అక్కడ భయం కనబడితేనే ఏడుపు మొదలవుతుంది. తోటిపిల్లల గుంపు కనబడ్డప్పుడు కూడా మీ బాబు ముందు మీ మొహమే చూస్తున్నాడని నా అనుమానం. మీకు నిద్ర సరిగా లేకపోతే, బాబు కోసం తీసుకున్న అపాయింట్‌మెంట్‌లోనే మీ సంగతి కూడా చెప్పండి.

బడిలో చేరి మూడు నెలలు గడిచినా ఒక్క పిల్లవాడి పేరు కూడా ఇంట్లో చెప్పకపోతే, లేదా కొట్టడం ఏమాత్రం తగ్గకపోతే, పూర్తి అంచనా వేయించండి. మీ ఆసుపత్రిలో మానసిక నిపుణులు ఉంటే అక్కడే మొదలుపెట్టవచ్చు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాదులో నడిచే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో తెలివితేటలతో పాటు సామాజిక పరిణతిని కొలిచే పరీక్షలు కూడా చేస్తారు. ఆరేళ్ల లోపు పిల్లలకు జిల్లా కేంద్రాలలో డీఈఐసీ (ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించి సాయం చేసే కేంద్రం) పేరుతో నడిచే ప్రభుత్వ కేంద్రాలు కూడా ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా చికిత్స సారాంశం వెంట ఉండాలి. ఏ మందులు ఎంత మొత్తంలో పడ్డాయో, వెన్నులో ఇంజెక్షన్ ఎన్నిసార్లు ఇచ్చారో, రేడియేషన్ ఇచ్చారో లేదో అందులో రాసి ఇమ్మని వచ్చే ఫాలో-అప్‌లోనే అడగండి. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి చికిత్స ముగిసిన పిల్లల కోసమే 1991 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుపుతోంది. అన్ని చోట్లా అటువంటి క్లినిక్ లేదు కనుక ఆ కాగితాన్ని మీరే భద్రపరచుకోవాలి. ఒకటో తరగతిలో చేరే ముందు ఒకసారి, మూడో తరగతికి వచ్చాక ఇంకోసారి చదువుకు సంబంధించిన పరీక్షలు చేయించేటప్పుడు మొదట అడిగేది అదే.